టెన్‌పిన్ బౌలింగ్‌లో బాల్ పాకెట్‌లోనే పడుతోంది, 10వ పిన్ను కదలట్లేదు: స్ట్రైక్ క్యారీ పెంచేదెలా?

పదోపిన్ను_బాధితుడు
కుడిచేతి వాటం. బాల్ 15 పౌండ్లు, రియాక్టివ్ సాలిడ్ (ఆయిల్ పీల్చే రెజిన్ కవర్), ఉపరితలం 2000 గ్రిట్ (గరుకు కొలత, అంకె పెరిగే కొద్దీ నునుపు). లేన్ మీద సెంటర్ వాళ్లు పూసే మామూలు హౌస్ ఆయిల్, 40 అడుగుల దాకా వేస్తారు. 16వ బోర్డు (లేన్ పొడవునా ఉండే సన్న పట్టీ, కుడి అంచు నుంచి లెక్క) మీద దించి, గురి కోసం లేన్ మీద గీసిన బాణాల దగ్గర 13 మీదుగా పంపితే 8 దాకా వెళ్లి తిరుగుతోంది. మొదటి గేమ్‌లో ఏ ఇబ్బందీ లేదు. రెండో గేమ్ సగానికి వచ్చేసరికి పాకెట్‌కే (1, 3 పిన్నుల మధ్య సందు) తగులుతుంది గానీ 10 (కుడి వెనక మూల పిన్ను) నిలబడిపోతోంది, మధ్యమధ్యలో 8-10 స్ప్లిట్ (ఎడంగా రెండు పిన్నులు మిగలడం) కూడా. తెర మీద స్పీడ్ గంటకు 27 కిలోమీటర్లు. గట్టిగా వేయమని ఒకరు, బాల్ మార్చమని ఇంకొకరు. పాకెట్‌కు తగిలిన బంతికి పది పిన్నులూ పడాలంటే (అదే క్యారీ) ముందు ఏది చేయాలి?

లేన్_నంబర్_7
గట్టిగా వెయ్ బ్రో. పిన్నులు ఎగిరితేనే కదా ఒకదానికొకటి తగిలేది.

ఆయిల్_మరక
గట్టిగా వేస్తే పిన్నులు పైకి లేస్తాయి. మనకు కావాల్సింది అవి అడ్డంగా పడి, డెక్ (పిన్నులు నిలబడే చోటు) మీద పక్కకు ఊడ్చుకుంటూ పోవడం. పైకి ఎగిరిన పిన్ను పక్కదాని తల మీదుగా పోతుంది. స్పీడ్ జోలికి పోకముందు ఒక్కటి చెప్పండి: 10 మిగిలినప్పుడు 6వ పిన్ను ఏం చేస్తోంది? 10 మెడ చుట్టూ తిరిగి పోతోందా, నీరసంగా కుడి గటర్‌లో పడుకుంటోందా?

పదోపిన్ను_బాధితుడు
ఎక్కువగా గటర్‌లోనే పడుతోంది.

ఆయిల్_మరక
అయితే అది ఫ్లాట్ 10. మెడ చుట్టూ తిరిగేది రింగింగ్ 10. రెండింట్లోనూ నిలబడేది ఒకే పిన్ను, కారణాలు వేరు, మందూ వేరు. తెర మీద 9 అంకె చూసి వెనక్కి తిరిగేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు. బాల్ పిన్నుల వెనక గుంటలో పడేదాకా ఫౌల్ లైన్ (వేసేటప్పుడు దాటకూడని గీత) దగ్గరే నిలబడి చూడాలి.

ఫ్రిస్కో_లీగ్
పైన ఆయిల్_మరక గారు చెప్పిందాని వెనక లెక్క రాస్తాను, కొత్తవాళ్లకు పనికొస్తుంది.

పిన్నుల వరుసలు ముందు నుంచి వెనక్కి, ఎడమ నుంచి కుడికి: 1; 2, 3; 4, 5, 6; 7, 8, 9, 10. కుడిచేతి వాటానికి సరైన స్ట్రైక్‌లో బాల్ స్వయంగా తాకేది నాలుగే పిన్నులు: 1, 3, 5, 9. మిగతా ఆరు పిన్నుల పనే. 1 వెళ్లి 2ని, 2 వెళ్లి 4ని, 4 వెళ్లి 7ని కొడుతుంది. 3 వెళ్లి 6ని, 6 వెళ్లి 10ని. 5 వెళ్లి 8ని. బాల్ చివరికి 9ని తీసుకుపోతుంది. పిన్నుల కేంద్రాల మధ్య దూరం 12 అంగుళాలు. పిన్ను పొట్ట దగ్గర అడ్డం 4.75 అంగుళాలకు ఒక్క పిసరు ఎక్కువ. కాబట్టి 3వ పిన్ను 6ని తాకే చోటు పావు అంగుళం జరిగినా, 6 వెళ్లే దిక్కు మారిపోయి 10 బతికిపోతుంది.

ఫ్లాట్ 10 ఎలా వస్తుందంటే, బాల్‌లో పస లేక హెడ్ పిన్ను (1) తగలగానే కుడికి ఎక్కువగా జరుగుతుంది. దాంతో 3వ పిన్నుకు నిండుగా తగులుతుంది. 3 కుడివైపు వెళ్లాల్సింది పోయి తిన్నగా వెనక్కి పోతూ 6ని ఎడమ పక్కన రాస్తుంది. 6 అడ్డంగా వెళ్లి 10కి ముందే గటర్‌లో పడుతుంది. అదే బాల్ ఇంకాస్త జరిగి 5ని అంచున తాకితే, 5 మరీ ఎడమకు పోయి 8ని కూడా తప్పిపోతుంది. అదే మీ 8-10. రెండూ ఒకే జబ్బు.

లేన్_నంబర్_7
మరి పస లేకపోతే గట్టిగా వేస్తే పస వస్తుంది కదా? నేను చెప్పిందీ అదే.

ఫ్రిస్కో_లీగ్
పస ఎందుకు పోయిందన్నదే ప్రశ్న. బాల్ ప్రయాణంలో మూడు దశలు: జారడం, తిరగడం, దొర్లడం. పిన్నుల దగ్గరకు వచ్చేసరికి అప్పుడే దొర్లడం మొదలై ఉండాలి. 60 అడుగుల లేన్‌లో 45 దగ్గరే హుక్ అయిపోయి (వంపు తిరిగిపోయి) దొర్లిపోతే చివర్లో కోణం ఉండదు, కొట్టినప్పుడు పక్కకు జరిగిపోతుంది. ఇంకా జారుతూనే వచ్చినా జరిగిపోతుంది. రెండింటి చివరా ఫ్లాట్ 10నే. ముందే అలసిపోయిన బాల్‌కు స్పీడ్ కొంచెం పెంచితే జారే దూరం పెరిగి పనిచేయొచ్చు. ఆలస్యంగా వస్తున్న బాల్‌కు స్పీడ్ పెంచితే ఇంకా చెడుతుంది. అందుకే అందరికీ "గట్టిగా వెయ్" అని చెప్పడం కుదరదు.

మియాపూర్_సాయి
రెండో గేమ్ నుంచి మొదలైందంటే నాకైతే ముందే అలసిపోతున్నట్టే ఉంది. 2000 సాలిడ్ అంటే ఆయిల్‌ను బాగా పీల్చే బాల్. 13వ బోర్డు దారిలో ఆయిల్ ఎండిపోయి ఉంటుంది.

ఆయిల్_మరక
అదే. కాళ్లు 2 బోర్డులు ఎడమకు, చూపు 1 బోర్డు ఎడమకు. అంటే బాల్ దిగేది 18, బాణాల దగ్గర 14. ఇంకా ఆయిల్ మిగిలి ఉన్న దారి దొరుకుతుంది, బాల్ ఇంకాస్త దూరం జారి తిరుగుతుంది. ఇప్పుడు పాకెట్ తప్పి పల్చగా (హెడ్ పిన్నుకు కుడి అంచున) తగిలితే, కాళ్లు జరిపినదాంట్లో సగం మళ్లీ కుడికి రండి. ఆ చోటు మళ్లీ ఎండాక మళ్లీ 2, 1. హౌస్ షాట్‌లో ఇది ఆగే పని కాదు. 9 వచ్చాక కాదు, అంతకు ముందే బాల్ ఆకారం చూసి కదలాలి. స్ట్రైక్ పడినా సరే, 4వ పిన్ను ఆలస్యంగా దొర్లుకుంటూ పడిందంటే అది హెచ్చరిక.

ఎడమచేతి_వాటం
మా వైపు ఇవన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసుకోండి. మాకు శత్రువు 7. మా వైపు ఆడేవాళ్లు తక్కువ కాబట్టి ఆయిల్ ఎక్కువసేపు నిలుస్తుంది. 2-1 కదలికలు మీ అంత తరచుగా అవసరం పడవు.

మియాపూర్_సాయి
అన్నా, మీ వైపు ఆయిల్ మాకూ కొంచెం పంపండి.

డ్రిల్_బిట్
కాళ్లు కదిపే ముందు బాల్ సంగతి చూడండి. 2000 గ్రిట్ అని ఎప్పుడో షాపులో వేసింది ఇప్పటికీ 2000 ఉండదు. లేన్ మీద తిరిగే కొద్దీ ట్రాక్ (బాల్ లేన్‌ను తాకే పట్టీ) ఉన్న చోట నునుపెక్కుతుంది. గోరుతో గీరి చూస్తే ట్రాక్ మీద జారుతుంది, పక్కన గరగర అంటుంది. అలా ఉంటే గరుకు ప్యాడ్‌తో మళ్లీ రుద్దాలి. తడి ప్యాడ్, నాలుగు పక్కలా సమానంగా, ఒక్కో పక్క అర నిమిషం, ఒకే ఒత్తిడి. చివర్లో తుడిచి ఆరబెట్టాలి. పోటీలో అయితే ఆట మొదలయ్యాక ఉపరితలం మార్చడం యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ సంఘం) నిబంధనలకు విరుద్ధం, కాబట్టి ముందే చేసుకోండి.

రెండోది, ఆయిల్. రియాక్టివ్ రెజిన్ ఆయిల్ తాగుతుంది, తాగిన కొద్దీ చచ్చుబడుతుంది. ప్రతి బంతికీ ముందు మైక్రోఫైబర్ గుడ్డతో ఆయిల్ గీత తుడవండి. ఆట అయిపోయాక బాల్ ఇంకా వెచ్చగా ఉండగానే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడవండి, చల్లారాక లోపలికి ఇంకిపోయింది బయటికి రాదు. 60 గేములు దాటాక లోపలి ఆయిల్ తీయించడం మంచిది.

ఆయిల్_మరక
డ్రిల్_బిట్ గారూ, ఉపరితలం మళ్లీ 2000కు రుద్దితే ఈయన బాల్ ఇంకా తొందరగా హుక్ అవుతుంది కదా? సమస్యే అదైతే మందు తిరగబడుతుంది.

డ్రిల్_బిట్
ఒప్పుకుంటాను, రెండో గేమ్‌కు అయితే కాదు. ఉపరితలం ఏముందో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దన్నది నా మాట. ఈయనకు రెండో గేమ్ నుంచి నునుపు బాల్ కావాలి: 4000 దాకా తీసుకెళ్లిన సాలిడ్, లేదా పెర్ల్ కవర్ ఉన్నది. పెర్ల్ ఆయిల్ మీద ఎక్కువ దూరం జారి, ఎండిన చోట గట్టిగా తిరుగుతుంది. ఒకే బాల్ ఉంటే కాళ్లు కదపడమే మార్గం.

స్పేర్_టైర్
రింగింగ్ 10 సంగతి ఎవరూ చెప్పలేదు. అది కూడా పల్చని దెబ్బేనా? మా దగ్గర కోచ్ కొంచెం ఎత్తు దెబ్బ (హెడ్ పిన్నుకు మరీ నిండుగా తగలడం) అంటారు.

ఫ్రిస్కో_లీగ్
6 వెళ్లి 10 ముందు నుంచి మెడ చుట్టూ తిరిగిందంటే, అది కాస్త ఎక్కువ అడ్డంగా వెళ్లిందనే అర్థం. అంటే 3ని తాకిన తీరు పిసరంత నిండుగా ఉంది. ఎత్తు దెబ్బ అయితే 3 మరీ కుడికి పోయి, 6 తిన్నగా వెనక్కి వెళ్లి 10కి ఎడమ పక్క నుంచి పోతుంది. రెండూ జరుగుతాయి, కాబట్టి మీ కోచ్ అన్నదాన్ని కొట్టిపారేయను. 6 ఎటు నుంచి పోయిందో కంటితో చూడాల్సిందే.

తేడా ఏంటంటే రింగింగ్‌లో బాల్‌లో పస బాగానే ఉంటుంది, 6 గట్టిగానే ఎగురుతుంది. అందుకే పెద్ద మార్పు చేస్తే ఉన్న పాకెట్ కూడా పోతుంది. చేయాల్సింది చిన్నది: నిలబడే చోటు మూడు నాలుగు అంగుళాలు వెనక్కి జరిపి, అంతే అడుగులు వేసి, ఫౌల్ లైన్‌కు కూడా ఎప్పటికన్నా ఆ మేరకు వెనకే ఆగడం. బాల్ దిగే చోటు వెనక్కి వచ్చి, హుక్ కూడా ఆ మేరకు ముందే మొదలవుతుంది. లేదంటే కాళ్లు ఒక్క బోర్డు జరిపి చూపు అలాగే ఉంచడం.

లేన్_నంబర్_7
మూడు అంగుళాలతో ఏమవుతుంది చెప్పండి?

ఫ్రిస్కో_లీగ్
బోర్డు వెడల్పే అంగుళం పైచిలుకు, లేన్ మొత్తం 39 బోర్డులు. పాకెట్ అంటున్నది 17.5వ బోర్డు, అంటే మధ్యలో ఉన్న 20 నుంచి రెండున్నర బోర్డులు. క్యారీ పావు అంగుళంతో పోతున్నప్పుడు, సవరణ కూడా అంతే ఉండాలి.

మియాపూర్_సాయి
ఎంట్రీ యాంగిల్ 6 డిగ్రీలు ఉండాలంటారు. అది ఎక్కడ కొలుస్తారు?

ఫ్రిస్కో_లీగ్
బాల్ హెడ్ పిన్నును తాకే క్షణంలో లేన్ నిలువు గీతకు ఎంత వంపులో వస్తోందన్నది. యూఎస్‌బీసీ వాళ్లకు ఆర్లింగ్టన్‌లో (టెక్సస్) శిక్షణ, పరిశోధన కేంద్రం ఉంది. యూఎస్‌బీసీ పరీక్షల నుంచే 6 డిగ్రీలు, 17.5 బోర్డు అన్న మాట వాడుకలోకి వచ్చింది. ఆ కోణంలో వస్తే పాకెట్ దగ్గర అటూ ఇటూ తప్పడానికి ఎక్కువ చోటు ఉంటుంది. కుడి గటర్ అంచు నుంచి తిన్నగా వేసిన బాల్‌కు పాకెట్ దగ్గర ఒకటిన్నర డిగ్రీ కూడా రాదు. హుక్ అవసరం అందుకే, అందం కోసం కాదు.

హౌస్‌బాల్_రాణి
అందరికీ సొంత బాల్ ఉండదండీ. మాల్‌లో ఇచ్చే ప్లాస్టిక్ బాల్‌తో తిన్నగా వేసేవాళ్లకు ఏమైనా చెప్తారా?

ఆయిల్_మరక
తప్పకుండా. చేతికి లొంగే వాటిలో అన్నింటికన్నా బరువైనది తీసుకోండి. పిన్ను బరువు దాదాపు కిలోన్నర (3 పౌండ్ల 6 ఔన్సుల నుంచి 3 పౌండ్ల 10 ఔన్సులు). 8 పౌండ్ల బాల్ దాన్ని కొడితే తానే పక్కకు పోతుంది. 12 అంత పోదు. బొటనవేలు వదులుగా ఉండి పట్టు బిగించాల్సి వస్తే మాత్రం బరువు తగ్గించండి, బిగించిన పట్టుతో ఏ బరువూ పనిచేయదు. కుడి అంచు దగ్గర నుంచి, అంటే 5వ బోర్డు పరిసరాల నుంచి వేయండి, ఉన్న కోణమంతా అక్కడే దొరుకుతుంది. హెడ్ పిన్నుకు నడిమధ్యన గురి పెట్టొద్దు, స్ప్లిట్లు వస్తాయి. దానికి కుడి పక్కన చూడండి.

స్పేర్_టైర్
హుక్ లేకుండా ఏమీ కాదనుకోకండి. వాల్టర్ రే విలియమ్స్ జూనియర్ పెద్ద హుక్ లేకుండానే 47 పీబీఏ (ప్రొఫెషనల్ బౌలర్ల టూర్) టైటిళ్లు గెలిచారు. ఆయన స్పేర్లు (మిగిలిన పిన్నులను రెండో బంతికి పడగొట్టడం) చూడండి.

ఫ్రిస్కో_లీగ్
నిజమే. కానీ ఆయన ప్రతిసారీ అదే చోట కొట్టేవారు. మనకు అంత గురి లేనప్పుడు కోణం ఇచ్చే వెసులుబాటు వదులుకోవడం ఎందుకు?

మెషీన్_వెనక
సెంటర్లలో యంత్రాల పని చేసేవాడిగా రెండు మాటలు. అన్నీ మీ చేతిలోనే లేవు. పిన్నుల మెడ దగ్గర పూత పగిలినా, పొట్ట చుట్టూ దెబ్బలు తిని చదును పడినా ఎగరడం తగ్గుతుంది. కొత్త పిన్నులూ పాత పిన్నులూ కలిపి ఒకే సెట్‌లో పెడితే బరువులు కలవవు. పక్క గోడల పలకలు వదులైతే పిన్ను తగిలి తిరిగి రావాల్సింది అక్కడే చతికిలపడుతుంది. ఇంకొకటి, హెడ్ పిన్ను చోటు తప్పి నిలబడటం. పావు అంగుళం పక్కన ఉన్నా ఫౌల్ లైన్ నుంచి జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. అనుమానం వస్తే వేయకముందే మళ్లీ పెట్టమని అడగండి. వేశాక ఆ బంతి లెక్కలోకి వస్తుంది.

ఒకే లేన్‌లో అందరికీ 10 మిగులుతోంటే లేన్‌ను అనుమానించండి. మీకొక్కరికే మిగులుతోంటే బాల్‌నే చూడండి.

లేన్_నంబర్_7
అన్నా, గుంట గోడకు తగిలి పిన్ను వెనక్కి వచ్చి 10ని కొడితే లెక్కేనా?

మెషీన్_వెనక
పిన్ను పక్క పలకకు గానీ వెనక పరదాకు గానీ తగిలి వచ్చి కొడితే లెక్కే. బాల్ వెనక పరదాకు తగిలి తిరిగి వచ్చి కొడితే లెక్క కాదు, ఆ పిన్ను మళ్లీ నిలబెట్టాలి.

హౌస్‌బాల్_రాణి
తాళ్లు కట్టిన పిన్నులు ఉన్నచోట ఇవన్నీ పనిచేస్తాయా? మా దగ్గర మాల్‌లో అవే.

మెషీన్_వెనక
బాల్ కోణం, పాకెట్ లెక్క అక్కడా అంతే. పిన్ను మాత్రం వేరుగా కదులుతుంది. డెక్ మీద దొర్లుకుంటూ వచ్చి చివరి పిన్నును పడగొట్టే పిన్నును తాడు మధ్యలోనే ఆపేస్తుంది. ఒక్కోసారి తాళ్లు చిక్కుకుని పక్క పిన్నును లాగి పడేస్తాయి కూడా. 2023లో యూఎస్‌బీసీ వీటిని గుర్తించింది, వేరే విభాగంగా. ఆ స్కోర్లూ ఈ స్కోర్లూ ఒక్కటే అనుకుని పోల్చుకోకండి.

డ్రిల్_బిట్
అసలు ప్రశ్నకు ఇంకో కోణం. 9వ పిన్ను ఒక్కటే మిగిలిందా, 8 ఒక్కటే మిగిలిందా అన్నది కూడా రాసుకోండి. గట్టి దెబ్బకు 8 ఒంటరిగా నిలిస్తే, బాల్ 5ని నిండుగా కొట్టి 5 తిన్నగా వెనక్కి పోయిందన్నమాట, 8ని తప్పించుకుని. 9 నిలిస్తే బాల్ అసలు పక్కకు జరగకుండా 5 గుండా దూసుకుపోయింది. రెండూ మీ ఫ్లాట్ 10కి పూర్తిగా ఉల్టా: పస ఎక్కువ, కోణం ఎక్కువ. ఈ జబ్బుకు ఆ మందు వేస్తే చెడుతుంది. ఇక్కడ చేతి తిప్పు తగ్గించి, బొటనవేలు 10 గంటల వైపు కాకుండా 11 గంటల వైపు పెట్టి విడవాలి. హుక్ మెత్తబడుతుంది.

ఎడమచేతి_వాటం
బాల్ గుంటలో ఎక్కడ పడుతోందో చూస్తే అన్నీ తెలుస్తాయి. సరైన దెబ్బకు 8, 9 చోట్ల మధ్య నుంచి, 9ని ఆనుకుని పోతుంది. 9కి కుడిగా పోయిందంటే ఎక్కువ జరిగింది. మరీ ఎడమగా పోయిందంటే తక్కువ జరిగింది.

స్పేర్_టైర్
ఎన్ని చేసినా 10 మిగలడం పూర్తిగా ఆగదు. ప్రతి ఫ్రేమ్‌లో 9, స్పేర్ చేసినా 190 వస్తుంది, ఒక్క స్ట్రైక్ లేకుండా. 10వ పిన్ను స్పేర్‌కు ప్లాస్టిక్ బాల్ వేరే పెట్టుకోండి, రియాక్టివ్ తిరిగిపోతుంది. ఎడమ చివర నిలబడి, నాలుగో బాణం (20వ బోర్డు) మీదుగా లేన్‌ను అడ్డంగా దాటిస్తూ వేయాలి. మణికట్టు తిప్పకూడదు, భుజాలు 10 వైపే ఉండాలి.

లేన్_నంబర్_7
చర్చ క్యారీ గురించి, మీరు స్పేర్లు మొదలుపెట్టారు.

స్పేర్_టైర్
10 వదిలేసిన ఫ్రేమ్‌లో పోయే మార్కులు ఏ గ్రిట్ ప్యాడూ తిరిగి ఇవ్వదు మరి.

పదోపిన్ను_బాధితుడు
అందరికీ ధన్యవాదాలు. ముందు 2, 1 కదలికే చేసి చూస్తాను, స్పీడ్ ముట్టుకోను. ఒక సందేహం: కదిలాక బాల్ పాకెట్‌కు పల్చగా తగిలి 5 మిగిలితే? సగం మళ్లీ కుడికి రావడమా, బాల్ నెమ్మదిగా వేయడమా?

ఆయిల్_మరక
మొదట కాళ్లు ఒక బోర్డు కుడికి, చూపు 14 మీదే. 5 ఒక్కటే మిగలడమన్నా, 5-7 అన్నా, పల్చని దెబ్బకు బాల్ జరిగిపోయి 5 దాకా రాలేదని. కుడికి వచ్చినా తీరకపోతే బాల్ ఇంకా జారుతోందేమో చూడండి, చివరి పది అడుగుల్లో ముందుకు దొర్లుతోందా, పక్కకు తిరుగుతూనే ఉందా అని. తిరుగుతూనే ఉంటే బాల్‌ను నడుము ఎత్తులో కాకుండా కొంచెం కింద పట్టుకుని అడుగులు మొదలుపెట్టండి. ఊపు తగ్గి గంటకు కిలోమీటరో రెండో దానంతటదే తగ్గుతుంది. చేత్తో బలవంతంగా ఆపితే విడిచే తీరు చెడుతుంది.

డ్రిల్_బిట్
రెండూ ఒకే బంతికి చేయొద్దు. ఒకటి మార్చి రెండు మూడు బంతులు చూశాక రెండోది.